కోరమాండల్ తెర మన తీరంలో చేసిందేనా? 4,500 డాలర్లు పెట్టొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. న్యూజెర్సీలో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఒకరి ఇంట్లో సామానంతా అమ్మేయడం) ఆరు రెక్కల నల్లటి మడత తెర నచ్చింది. అమ్మే ఆవిడ "కోరమాండల్ యాంటిక్, 18వ శతాబ్దం, మీ ఇండియా తీరంలో చేసిందే" అంది. 4,500 డాలర్లు చెబుతోంది. మీది బందరు కాబట్టి ఆ మాట మనసుకి తగిలింది. హాల్లో దేవుడి మూలకి అడ్డుగా పెట్టుకోవాలని ఉంది. ఫొటోలు ఐదు పంపారు.

ముందే చెప్పేస్తా. ఆ ధరకి వద్దండీ. తెర బాగానే ఉంది, నచ్చితే తీసుకోండి, కానీ అది 18వ శతాబ్దానిదీ కాదు, బందరుదీ కాదు. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను. ఎందుకంటే ఈ ప్రశ్న నాకు ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది, ప్రతిసారీ ఆ "మీ తీరం" అనే మాటతోనే వస్తుంది. నేను మొదట్లో హైదరాబాదులో ఒక పాలిష్ మేస్త్రీ దగ్గర, తర్వాత ఇరవై ఏళ్లకి పైగా ఇంగ్లండులో పాత ఫర్నిచర్ బాగుచేసే పనిలో ఉన్నాను. తెరలు చాలానే చేతిలోంచి వెళ్లాయి.

పేరు సంగతి. కోరమాండల్ అంటే చోళమండలమే, అనుమానం లేదు. కానీ ఈ తెరలు చేసింది చైనాలో. 17వ శతాబ్దంలో, ముఖ్యంగా కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో (1662–1722) ఎక్కువగా తయారయ్యాయి. చైనావాళ్లు ఆ పనిని క్వాన్‌త్సాయ్ అంటారు, చెక్కి రంగులు నింపడం అన్నమాట. అక్కడి నుంచి సరుకు మన తూర్పు తీరంలోని రేవులకి వచ్చి, అక్కడ కంపెనీ ఓడలెక్కి యూరప్ వెళ్లేది. కొన్నవాళ్లకి ఓడ ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసు గానీ, వస్తువు ఎక్కడ పుట్టిందో పట్టలేదు. ఇంగ్లండులో అయితే ఇదే పనిని చాలాకాలం "బాంటం పని" అన్నారు, జావా దీవిలో బాంటం రేవు మీదుగా కూడా వచ్చేది కాబట్టి. కోరమాండల్ అన్న పేరు ఫ్రెంచివాళ్ల వేలం జాబితాల్లో 18వ శతాబ్దంలో కనబడుతుంది, తర్వాత అదే స్థిరపడింది. మన దగ్గర బొంబాయి రవ్వ అంటాం, ఆ రవ్వ బొంబాయిలో పండిందా అని ఎవరైనా అడుగుతారా? ఇదీ అంతే.

బందరు నుంచి నిజంగా వెళ్లినది వేరే ఉంది. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లిషువాళ్లు 1611లో మచిలీపట్నంలో దిగింది గుడ్డ కోసం. మన కలంకారీ చింట్జ్ కోసం. తమాషా ఏమిటంటే యూరప్ మార్కెట్ కోసం మన తీరంలో వేసిన పెద్ద పెద్ద చింట్జ్ దుప్పట్లలో చైనా తరహా రాళ్లగుట్టలూ, వెదుళ్లూ కనిపిస్తాయి. కొనేవాళ్లకి ఆ ఫ్యాషన్ కావాలి, మనవాళ్లు వేసి ఇచ్చారు. మీకు బందరు గర్వం కావాలంటే తెర మానేసి ఆ గుడ్డల కోసం చూడండి. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో గుడ్డలూ ఉన్నాయి, 12 రెక్కల కోరమాండల్ తెరా ఉంది. రెండూ ఒకే రోజు చూడొచ్చు.

ఇప్పుడు అసలు తెర ఎలా చేస్తారో చెబితే మీ ఫొటోలు మీకే అర్థమవుతాయి. చెక్క పలక తీసుకుంటారు, సాధారణంగా పైన్ లాంటి తేలిక చెక్క. దాని మీద నార లేదా గుడ్డ అంటించి, మట్టిపొడి, ఇటుకపొడి, పందిరక్తం, ల్యాకర్ (ఒక చెట్టు పాలు, దాని సంగతి కింద చెబుతా) లాంటివి కలిపిన లప్పం పెడతారు. మన ఇళ్లలో గోడకి లప్పం పెట్టినట్టే, కాకపోతే పొర మీద పొర, ప్రతి పొరా రుద్ది నున్నగా చేస్తూ. ఆ పైన నల్లటి లేదా ముదురు గోధుమ రంగు ల్యాకర్ పూతలు. అంతా ఆరాక బొమ్మ గీసి, గీతల్ని మాత్రం వదిలేసి, గీతల మధ్య భాగాన్ని లప్పం దాకా చెక్కి తీసేస్తారు. ఆ గుంటల్లో రంగులు నింపుతారు. అందుకే అసలు కోరమాండల్ తెర మీద వేలు పెడితే నల్లటి గీత పైకి, రంగు లోపలికి తగులుతుంది. బొమ్మ మీద ఏ పెచ్చయినా ఊడితే అంచున చూడండి: పైన కాగితం మందాన నల్లపొర, దాని కింద బూడిదరంగులోనో ఇటుకరంగులోనో సుద్దలాంటి పొర, దాని కింద చెక్క. ఆ మూడూ కనబడితే మంచి సూచన.

మీ మూడో ఫొటో, కింద మూల పెచ్చు ఊడిన చోట, దాన్ని పెద్దది చేసి చూడండి. సన్నటి చారలు, ఒకటి లేతగా ఒకటి ముదురుగా, పుస్తకం అంచు చూసినట్టు. అది ప్లైవుడ్. ఇంక 18వ శతాబ్దం మాట మర్చిపోండి. నాలుగో ఫొటోలో బందులకి ప్లస్ గుర్తు స్క్రూలు ఉన్నాయి, అవి 1930ల తర్వాతివి. స్క్రూ ఒక్కటే అయితే నేను పట్టించుకోను, మధ్యలో ఎవరైనా బందు మార్చి ఉండొచ్చు. చెక్కని మాత్రం అంత తేలిగ్గా ఎవరూ మార్చరు. పాత తెరల్లో బందులే వేరుగా ఉంటాయి. ఒక రెక్కకి కొక్కెం, పక్క రెక్కకి రింగు, పైకి ఎత్తితే రెక్క విడిగా వచ్చేస్తుంది. మోసుకెళ్లడానికి వీలుగా అలా పెట్టారు. మన తలుపు బందుల్లాంటి ఇత్తడి బందులు ఉంటే తర్వాతిదో, తర్వాత మార్చిందో అయి ఉంటుంది.

ఇంకోటి, ఎత్తు. మీరు 7 అడుగులు అని రాశారు. పాత కోరమాండల్ తెరలు సాధారణంగా 12 రెక్కలు, 8 నుంచి 9 అడుగుల ఎత్తు. అమెరికాలో మామూలు ఇంటి సీలింగే 8 అడుగులు. ఈ ఒక్క కారణం వల్లే ఎన్నో తెరల కాళ్లు కోసేశారు, 12ని ఆరూ ఆరూగా, నాలుగేసిగా విడగొట్టి అమ్మారు. కాబట్టి "ఆరు రెక్కలు" అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది బోర్డరు. పూర్తి తెరకి చుట్టూ బోర్డరు ఉంటుంది, పాత పాత్రలూ, పూలకుండీలూ, రాక్షసుల్లాంటి సింహాలూ ఉండే పట్టీ. నిలువు బోర్డరు మొదటి రెక్క ఎడమ అంచునా, చివరి రెక్క కుడి అంచునా మాత్రమే ఉంటుంది. ఆరు రెక్కల తెరకి ఒక పక్కే నిలువు బోర్డరు ఉండి, రెండో పక్క బొమ్మ హఠాత్తుగా ఆగిపోతే, మిగతా ఆరు రెక్కలు ఇంకెవరింట్లోనో ఉన్నాయన్నమాట. మీ దానికి రెండు పక్కలా బోర్డరు ఉంది. అంటే మొదటి నుంచీ ఆరు రెక్కలదిగానే చేశారు. మామూలు ఇళ్లలో పెట్టుకోవడానికే చేసిన సైజు.

ముక్కలు చేయడం కొత్త పని కూడా కాదు. 17వ శతాబ్దం చివర్లోనే ఇంగ్లండులో ఈ తెరల్ని కోసి బీరువా తలుపులకీ, అద్దం ఫ్రేములకీ అంటించేవాళ్లు. 1688లో అక్కడ ల్యాకర్ అనుకరణ పని మీద వచ్చిన ఒక పుస్తకంలో దీన్ని తిట్టిపోశారు, మనుషులూ చెట్లూ తలకిందులుగా కనిపిస్తున్నాయని. నేనూ ఒక అద్దం ఫ్రేము చూశాను. పై పట్టీలో ఒక దొరసాని అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది, నిజానికి ఆవిడ నిలబడి వీణలాంటిదేదో వాయిస్తోంది.

తెర వెనక వైపు గురించి మీరు అసలు ఏమీ రాయలేదు, ఫొటో కూడా లేదు. అందరూ ఇంతే. నేనైతే ముందు వెనక్కే వెళతాను. పాత తెరల్లో వెనక కూడా పని ఉంటుంది. పూలు, పక్షులు, లేకపోతే బారెడు చైనా రాత. చాలా తెరలు పెద్ద ఉద్యోగులకి పుట్టినరోజు కానుకలుగా చేయించినవి. మన షష్టిపూర్తికి అభినందన పత్రం ఫ్రేము కట్టించి ఇస్తారు చూడండి, అలాంటిదే కాకపోతే 20 అడుగుల వెడల్పు. ఎవరికిచ్చారు, ఎవరెవరు కలిసి ఇచ్చారు, ఏ సంవత్సరం, అన్నీ వెనక రాసి ఉంటాయి. ముందువైపు బొమ్మల్లో తరచుగా కనిపించేది తాంగ్ వంశకాలపు సేనాపతి గువో జీయి పుట్టినరోజు వేడుక. పెద్ద భవనం, మధ్యలో కూర్చున్న ముసలాయన, మెట్ల కింద బారులు తీరిన అతిథులు, కానుకలు, పిల్లలు. మీ తెర మీద ఉన్నది అది కాదు, తోటలో ఆడవాళ్లు. 20వ శతాబ్దపు ఎగుమతి తెరల్లో ఎక్కువగా కనబడే బొమ్మ.

వెనకవైపు కింద అంచున ఇంగ్లిషులో ముద్రో, కాగితం చీటీయో ఉందేమో చూడండి. అమెరికాలో దిగే సరుకు మీద ఏ దేశానిదో రాయాలన్న నిబంధన 1891 నుంచి ఉంది. ఉత్త "చైనా" అని ఉంటే ఆ తర్వాత వచ్చిందన్నమాట. "హాంగ్‌కాంగ్" అని ఉంటే, 1950 డిసెంబరు నుంచి 1971 దాకా అమెరికాలోకి చైనా సరుకు నేరుగా రాకుండా నిషేధం ఉన్న కాలం గుర్తు చేసుకోండి. ఆ రోజుల్లో అమెరికా ఇళ్లలోకి వచ్చిన నల్ల తెరలు చాలావరకు హాంగ్‌కాంగ్, తైవాన్ నుంచి వచ్చినవే. బలపం రాయి, ముత్యపు చిప్ప ముక్కలతో మనుషుల బొమ్మలు అతికించిన నాలుగు రెక్కల తెర మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, చైనీస్ రెస్టారెంట్ ప్రవేశంలో అయినా. అది కోరమాండల్ పని కాదు, అందులో చెక్కడం లేదు, అతికించడమే. అయినా దానికీ కోరమాండల్ అనే పేరు తగిలిస్తారు.

ఇక ల్యాకర్ అనే మాట. నాకు చిరాకు తెప్పించే మాట ఇది, ఎందుకంటే మూడు వేర్వేరు వస్తువులకి ఒకటే పేరు. ఆ మాట పుట్టిందే మన లక్కలోంచి. కానీ చైనా ల్యాకర్‌లో లక్క చుక్క కూడా లేదు. అది ఒక చెట్టు పాలు. మామిడి, జీడిమామిడి, మన చాకళ్లు బట్టలకి గుర్తు పెట్టే నల్లజీడి, అన్నీ ఆ చెట్టుకి చుట్టాలే. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు ఎలా పొక్కుతుందో తెలుసుగా, ఆ పాలూ అంతే, పనివాళ్ల చేతులు పొక్కిపోతాయి. పైగా అది ఎండకి ఆరదు. తేమ గాలి ఉంటేనే గట్టిపడుతుంది. బందరు ఉక్కపోతలో హాయిగా గట్టిపడేది, కానీ పాలను అన్ని నెలలు ఓడలో యూరప్ దాకా చెడకుండా తీసుకెళ్లడం కుదరలేదు. అందుకని యూరప్‌వాళ్లు చైనా తరహా తెరలు, బీరువాలు సొంతంగా చేద్దామనుకున్నప్పుడు స్పిరిట్‌లో కరిగించిన లక్క వాడారు. ఆ పనిని జపానింగ్ అన్నారు. ఆ లక్క ఎక్కడిది? మన దేశానిది. షిన్వాజరీ అన్న ఫ్రెంచి మాటకి సరైన అర్థం ఇదే, చైనాది అనిపించేలా యూరప్‌లో చేసింది. అంటే చూడండి, మన తీరం పేరు పెట్టుకున్న తెరలో మనది ఏమీ లేదు. లండన్‌లో ఎవరో చైనాని ఊహించుకుని చేసిన తెర మీద మాత్రం, ఏటికొప్పాక బొమ్మ మీద మెరిసే లక్కే మెరుస్తోంది.

ఈ తేడా నాకు పుస్తకంలో కాదు, చేతిలో తెలిసింది. ఇంగ్లండులో పనిలో చేరిన రెండో ఏడు, ఒక నాలుగు రెక్కల తెర వచ్చింది. చీటీ మీద "చైనీస్ ల్యాకర్" అని రాసి ఉంది. నిజమైన చైనా ల్యాకర్ గట్టిపడ్డాక స్పిరిట్‌కి చలించదు, అది నాకు తెలుసు, తెలిసిన వాడికుండే పొగరూ ఉంది. మసి తుడుద్దామని దూది పుల్లకి స్పిరిట్ అద్ది, పడవలో కూర్చున్న జాలరి టోపీ మీద ఒక్కసారి తిప్పాను. టోపీ దూదికి వచ్చేసింది. బంగారు పొడి, దాని కింద గోధుమరంగు జిగురు. లక్క. హైదరాబాదులో మా మేస్త్రీ దగ్గర ఏళ్ల తరబడి పీల్చిన అదే వాసన. అది చైనాది కాదు, ఇంగ్లిషు జపానింగ్. ఆ టోపీ మళ్లీ వేయడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పటికీ చూస్తే ఊళ్లో అందరివీ పాత టోపీలు, ఆ ఒక్కడిదే పండక్కి కొన్నట్టు ఉంటుంది.

కాబట్టి స్పిరిట్ టెస్ట్ అని వీడియోల్లో చూపించేవి చేయకండి. సూది కాల్చి గుచ్చడం అసలే వద్దు. చీకట్లో నీలి యూవీ టార్చి వేసి చూడటం వల్ల నష్టం లేదు. లక్క పూత ఉంటే నారింజ రంగులో వెలుగుతుంది. అలా వెలిగినా మోసం అని కాదు, పాత చైనా తెరకి కూడా ఎవరో తర్వాత లక్క పాలిష్ కొట్టి ఉండొచ్చు. ఆ పాలిష్ ఎలా ఉంది, ఎక్కడెక్కడ ఉంది అన్నది పనివాడు చూసి చెప్పాలి.

మూడో రకం ల్యాకర్ మీ తెర మీద ఉన్నది, ఫ్యాక్టరీ స్ప్రే. అద్దంలా ఒకే రకం మెరుపు, గుంటల్లో కూడా. అందులో తప్పేమీ లేదు, గట్టిగానే ఉంటుంది.

ధర దగ్గరికి వద్దాం. కాంగ్‌షీ కాలపు పూర్తి 12 రెక్కల తెర, మంచి స్థితిలో, చరిత్ర తెలిసినది పెద్ద వేలంలోకి వస్తే పదుల వేల డాలర్ల లెక్కలోనే మొదలవుతుంది, ఇంకా పైకి పోతుంది. ఫ్రెంచి డిజైనర్ కోకో షనెల్ పారిస్‌లో రూ కాంబాన్ వీధిలోని తన అపార్ట్‌మెంట్ నిండా ఇవే పెట్టుకుంది. ఆ ఫొటోలు చూసి మోజుపడేవాళ్లు ఈరోజుకీ తగ్గలేదు. మీరు చూసినలాంటి 20వ శతాబ్దపు తెరలు మాత్రం సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో కొన్ని వందల డాలర్లకి దొరుకుతాయి, ఆన్‌లైన్ షోరూముల్లో రెండు మూడు వేలు అని రాసినా అది అడిగే ధర, అమ్ముడుపోయిన ధర కాదు. ఆవిడ దగ్గర ఇన్సూరెన్స్ కోసం రాయించిన విలువ కాగితం ఉండొచ్చు. దాన్ని చూసి కంగారు పడకండి, ఇన్సూరెన్స్ విలువ సాధారణంగా అలాంటిదే షాపులో మళ్లీ కొనడానికి ఎంతవుతుందో ఆ లెక్కన వేస్తారు. నేనైతే ప్లైవుడ్ అంచు ఫొటో చూపించి మర్యాదగా 500 దగ్గర మొదలుపెడతా, 700 దాటను. ఆవిడ అబద్ధం చెబుతోందని కూడా అనుకోకండి. వాళ్ల నాన్నగారు చెప్పింది ఆవిడ మీకు చెప్పి ఉంటుంది.

ఒకవేళ ఎప్పుడైనా నిజంగా పాత తెర దొరికి ఇండియాకి పంపాలనుకుంటే, ముందు అందులో ఏనుగు దంతం పొదుగుడు ఉందేమో చూడండి. ఉంటే సరిహద్దు దాటించడం పెద్ద టెన్షన్. వందేళ్లు దాటిన వస్తువులు ఇండియాలోకి వెళ్లాక మళ్లీ బయటకి తేవడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. ఆ సంగతి కొనే ముందే ఆలోచించుకోవాలి.

దేవుడి మూల. నిజం చెప్పాలంటే ఇందుకు మీ తెరే నయం. నిజమైన పాత తెరని దీపం, అగరుబత్తి, కర్పూరం దగ్గర పెట్టమని నేను ఎవరికీ చెప్పను. నూనె మసి చెక్కిన గుంటల్లో చేరితే రంగుతో పాటే వస్తుంది తప్ప విడిగా రాదు. మీ దానికి కూడా దీపం నుంచి కనీసం నాలుగడుగుల దూరం ఉంచండి. చలికాలంలో వేడిగాలి వచ్చే వెంట్ ఎక్కడుందో చూసుకోండి. అమెరికాలో తెరల్ని చంపేది వయసు కాదు, హీటరు. గాలి ఎండిపోయి చెక్క కుంచించుకుపోతుంది, పైపొర కుంచించుకోదు, మధ్యలో పెటిల్లుమంటుంది. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చాలు, పది డాలర్ల మీటరు చూపిస్తుంది. ఎండ నేరుగా పడే కిటికీ ఎదురుగా వద్దు.

నిలబెట్టేటప్పుడు రెక్కలు బాగా మడిచి వంకరటింకరగా పెట్టండి. సాపుగా చాపితే బాగా కనిపిస్తుంది, కానీ పిల్లాడు పరిగెత్తుకుంటూ వస్తే మీద పడుతుంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి, ఈడ్చకూడదు. ఇంటికి తెచ్చేటప్పుడు బబుల్ రాప్ నేరుగా చుట్టకండి, ఆ బుడగల గుర్తులు పూత మీద పడిపోతాయి. ముందు మెత్తటి పాత నూలు చీర చుట్టి, ఆ పైన ఏదైనా చుట్టండి.

అమ్మగారు వస్తున్నారని రాశారు కాబట్టి ఇది ప్రత్యేకంగా. తడిగుడ్డ వద్దు. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని ఎవరన్నా అంటే వినొద్దు. సూపర్‌మార్కెట్ ఫర్నిచర్ స్ప్రే కూడా వద్దు. వెడల్పాటి మెత్తటి పెయింటింగ్ బ్రష్ ఒకటి దీనికోసమే ఉంచి, పై నుంచి కిందికి దుమ్ము దులిపితే సరిపోతుంది. పెచ్చు ఊడితే ఫెవిక్విక్ పెట్టకండి. ఊడిన ముక్కని కవర్లో వేసి, ఏ రెక్క, ఏ చోటు అని రాసి, సొరుగులో పెట్టండి. నాలుగో రెక్క ఫొటోలో ఒకావిడ జడ దగ్గర పెచ్చు లేచి ఉంది, బేరం కుదిరాక వ్యానులో ఎక్కించే ముందే అక్కడ ఒక పల్చటి టిష్యూ కాగితం అడ్డుపెట్టండి, లేకపోతే మీరు చుట్టిన పాత చీర రాపిడికే ఊడొస్తుంది.